అర్జీ ఒక్కటే కాదు, మనిషీ బల్ల దాకా పోవాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన ఫొటో చూసిన రోజే రాయాలనుకున్నాను. నా వేళ్లు ఇంకా ఎక్కువసేపు కలం పట్టనివ్వవు కాబట్టి ఇన్ని రోజులు పట్టింది. సోమవారం అర్జీ ఇవ్వడానికి వచ్చిన దివ్యాంగురాలు చేతులు ఆనించి మెట్ల మీద పాకుతున్న ఫొటో అది. మర్నాడు అధికారుల వివరణ కూడా వేశారు. ఇకమీదట కింద ఒక ఉద్యోగిని కూర్చోబెట్టి అర్జీలు తీసుకుంటారట. ఫొటో కన్నా ఆ వివరణకే నాకు కడుపు రగిలింది. ఎందుకంటే ఆ పని నేను ఇరవై ఏళ్ల కిందటే చేసినవాణ్ణి.

ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. మా సెక్షన్ మేడ మీద ఉండేది. పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడిన ఒక రైతు పాసుపుస్తకం కోసం తిరిగేవాడు. వేపచెట్టు కింద కూర్చుని కబురు పంపితే నేనే దిగిపోయి కాగితం తీసుకునేవాణ్ణి. ‘నీకెందుకప్పా కష్టం, నేను చూస్తాలే’ అనేవాణ్ణి. అది దయ అనుకున్నాను. మిగతా రైతులు బల్ల ముందు నిలబడి, ఎవరు ఏం కొర్రీ వేశారో గట్టిగా అడిగి పని చేయించుకునేవారు. ఆయన మాత్రం తన ఫైలు ఏ బల్ల మీద ఉందో ఒక్కనాడూ చూడలేదు. ఆయన పని అందరి కన్నా ఆలస్యమైంది.

నిరుడు నాకు గులియన్ బారీ జబ్బు చేసింది. మన ఒంట్లోని రోగనిరోధక శక్తే మన నరాల మీద పడే జబ్బు. అరికాళ్లలో తిమ్మిరితో మొదలై నాలుగు రోజుల్లో నడుము దాకా బలం పోయింది. బెంగళూరులో ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు ఎక్కించారు. ఇంటికొచ్చాక ఐదు నెలలు చక్రాల కుర్చీయే. ఈ జబ్బులో చాలామంది కోలుకుంటారు, నేనూ కోలుకున్నాను. కానీ ఆ ఐదు నెలలూ నేను చూసింది మరచిపోలేను.

ఏప్రిల్‌లో పింఛను పని పడి ఒక ఆఫీసుకు పోవాల్సి వచ్చింది. కుర్చీ పట్టే మరుగుదొడ్డి అక్కడ లేదని తెలుసు గనుక పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదు. అనంతపురం ఎండలో! నాకది ఒక్కరోజు. బయటికి పోయిన ప్రతిసారీ అట్లా గొంతెండబెట్టుకునే ఆడవాళ్లు ఈ ఊళ్లో ఎందరున్నారో అప్పుడు గానీ నాకు తట్టలేదు. అక్కడ ర్యాంపు ఉంది, ఉందని రాసుకోవడానికి. మా మేనల్లుడు టేపు పెట్టి కొలిచాడు. రెండడుగుల ఎత్తుకు ఐదడుగుల వాలు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు ఉండాలి, అంటే ఇరవై నాలుగు అడుగులు. ఇద్దరు తోసినా కుర్చీ వెనక్కి జారింది. పైనుంచి ఒక కుర్రాడు దిగొచ్చి, ‘కాగితం ఇలా ఇవ్వండి సార్, నేను చూసుకుంటా’ అన్నాడు. నా నోటి మాటే. ఆ కుర్రాడు మంచివాడు, తప్పు పట్టను. కానీ ఆ క్షణాన వేపచెట్టు కింది మనిషి కళ్ల ముందు మెదిలాడు. తల దించుకుని కాగితం ఇచ్చేశాను.

2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. ఏడుగా ఉన్న వైకల్యాల జాబితా ఇరవై ఒకటైంది. 2017 జూన్‌లో నియమాలు వచ్చాయి. అప్పటినుంచి ఐదేళ్లలో ప్రభుత్వ భవనాలన్నీ దివ్యాంగులు వచ్చిపోయేలా మార్చాలని చట్టంలోనే ఉంది. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కూడా, ఈ ప్రమాణాలు ఇష్టముంటే పాటించేవిగా ఉండకూడదు, తప్పనిసరి చేయాలి అని చెప్పింది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా, మళ్లీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా ఉంది. మన జిల్లాలో ఒక్కరికైనా వేశారా? వికలాంగులన్నారు, విభిన్న ప్రతిభావంతులన్నారు, ఇప్పుడు దివ్యాంగులంటున్నారు. పేరు మార్చడానికి ఉన్న తీరిక మెట్టు మార్చడానికి లేకపోయింది. పైగా వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్ చేతిలో ఉన్నవాళ్లనే మళ్లీ పరీక్షలకు రమ్మని ఆసుపత్రుల చుట్టూ తిప్పారు. కాలు లేదని ఎన్నిసార్లు చూపించుకోవాలి?

ఆఫీసులే కాదు. సప్తగిరి సర్కిల్ నుంచి టవర్‌క్లాక్ దాకా ఏ అధికారినైనా చక్రాల కుర్చీలో కూర్చుని ఒక్కసారి రమ్మనండి. కొత్తగా కట్టే కల్యాణమండపాలూ, క్లినిక్కులూ ఎత్తు మెట్లతోనే లేస్తున్నాయి. ప్లాను పాస్ చేసేవాళ్లు ఏం చూసి సంతకం పెడుతున్నారు?

అర్జీల హాలు కింది అంతస్తులోకి మార్చడానికి డబ్బులేమీ అక్కర్లేదు. బల్లలు, కుర్చీలు దింపితే చాలు, ఒక్క ఆదివారం పని. వచ్చే సోమవారానికల్లా ఆ పని చేయాలని అధికారులను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

మీకూ ఒక విన్నపం. ఆమె ఎన్ని మెట్లు పాకిందో మీ విలేకరి లెక్కపెట్టి రాశాడు. ఆమె చేతిలోని అర్జీలో ఏముందో రాయలేదు. అది దేని గురించో, ఏ బల్ల మీద ఉందో కనుక్కుని రాయించండి.

— ఒక విశ్రాంత ఉద్యోగి,
సాయినగర్, అనంతపురం