ఘాట్ దిగేటప్పుడు గేరే అసలు బ్రేకు

సంపాదకులకు,

మారేడుమిల్లి ఘాట్ దాటి చింతూరు, అక్కడి నుంచి శబరి గోదావరిలో కలిసే కూనవరం దాకా కార్లలో వెళ్లే జంటలకు ఒక మాట. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగడం ప్రాణాంతకం. బ్రేకు అదేపనిగా తొక్కి ఉంచితే ప్యాడ్లు కాలి, బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది; పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది, బండి ఆగదు. మాడు వాసన రాగానే వెడల్పైన చోట ఆపి అరగంట చల్లారనివ్వండి. చక్రాలపై నీళ్లు మాత్రం పోయకండి. ఎక్కే బండికే ముందు దారివ్వాలి. జులై, ఆగస్టుల్లో గోదావరి పోటెత్తితే శబరి వెనక్కి తన్ని చింతూరు దగ్గర రోడ్లు మునుగుతాయి. ఈ జాగ్రత్తలతో ఘాట్‌కు రెండు వైపులా పెద్ద తెలుగు అక్షరాల బోర్డులు పెట్టాలని అధికారులను కోరుతున్నాం.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం