సికింద్రాబాద్ స్టేషన్‌లో నన్ను మెట్లు దింపిన పెద్దాయనకు

మీ పేరు అడగలేదు బాబాయ్, పొరపాటు నాదే. మొన్న ఆదివారం సాయంత్రం మెట్ల వంతెన మధ్యలో రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయింది నేనే. వెనకనుంచి జనం ఒకటే తోపులాట. మీరు నా బ్యాగు భుజాన వేసుకుని, "ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు" అంటూ ఒక్కో మెట్టూ దింపారు. ఫిజియోథెరపీలోనూ ఇదే చెప్పారు. టెన్షన్‌లో ఒక్క ముక్క గుర్తురాలేదు.

కింద బెంచీ మీద కూర్చున్నాక, నా మోకాళ్ల కింద గుండ్రటి మచ్చలు చూసి మీ పంచె కాస్త పైకి లాగి మీవి చూపించారు. లారీ గుద్దితే ఎనిమిది నెలలు, ఎముకకు బిగించి కాలి చుట్టూ పెట్టే లోహపు రింగులతో ఉన్నారట. "నీదీ యాక్సిడెంటేనా?" అంటే అవునన్నాను.

కాదు బాబాయ్. ఎత్తు పెరగాలని ఆ రింగుల ఆపరేషన్ చేయించుకున్నాను. రష్యాలో ఇలిజారోవ్ అనే డాక్టరు 1950ల్లో మీలాంటి వాళ్ల కోసం, విరిగి అతకని కాళ్ల కోసం తెచ్చిన పద్ధతి అది. నేను బాగున్న ఎముకలు కోయించుకుని, రోజుకు మిల్లీమీటరు చొప్పున సాగదీయించుకున్నాను. ఎముక ఆరు సెంటీమీటర్లు పెరిగింది. పిక్కనుంచి మడమకు దిగే కండరం మాత్రం అంత సాగలేదు. ఇప్పటికీ పొద్దున లేవగానే ఎడమ మడమ నేలకు ఆనదు, కింద కూర్చుని అన్నం తినలేను.

మీ మచ్చల ముందు ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. టీ డబ్బులు కూడా మీరే ఇచ్చారు. చాలా థాంక్స్ బాబాయ్.