మీ అటక మీది మిల్లర్ హ్యాండిల్

దేవరకొండ,
ఆదివారం సాయంత్రం.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నీ మోకాళ్ల నొప్పి గురించి, మనుమరాలి పెళ్లి మాటల గురించి నువ్వు రాసినదానికి జవాబు మరొకసారి రాస్తాను. ఈ ఉత్తరం మాత్రం పూర్తిగా ఒక్క విషయానికే. మొన్న గురువారం కొండమల్లేపల్లి వైపు వెళ్లి వస్తూ, పాత ఇనుప సామాను కొనే కొట్టు ముందు మన కాలపు మిల్లర్, అదే కాంక్రీట్ కలిపే యంత్రం, ఒకటి పడి ఉండడం చూశాను. డ్రమ్ము అంచు తుప్పు పట్టి చిల్లులు పడింది, సరుకు పోసే తొట్టి (హాపర్) ఎత్తే ఇనుప తాడు ఎప్పుడో తెగిపోయింది, ఒక చక్రం లేనే లేదు. అయినా ఇంజన్ పక్కనుండే బరువైన చక్రం, ఫ్లైవీల్, పట్టుకుని తిప్పితే బరువుగా కదిలింది. పిస్టన్ పట్టుకుపోలేదని తెలియగానే నాకు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. మరునాడు గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేస్తామన్నారు. ఇనుము తూకం ధరకే కొని, ట్రాక్టర్ మీద ఎక్కించి తెచ్చాను. ఇప్పుడు అది మా పెరట్లో వేపచెట్టు కింద ఉంది.

మీ నాయన దగ్గర ఉన్నదీ ఇలాంటి 10/7 మిల్లరే. ఆ అంకెలకు అర్థం ఆయనే మనకు చెప్పాడు. 10 ఘనపుటడుగుల పొడి సరుకు పోస్తే 7 ఘనపుటడుగుల తడి కాంక్రీట్ వస్తుంది. కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు చేరిపోతాయి గనుక పరిమాణం తగ్గుతుందని ఆయన తట్టలో పోసి చూపించినప్పుడు, బడిలో ఎన్నడూ అర్థం కాని లెక్క నాకు ఒక్కసారిగా అర్థమైంది. ఒక బస్తా సిమెంటుకు రెండింతల ఇసుక, నాలుగింతల కంకర కలిపితే ఒక విడత అయ్యేది. నీళ్లు మాత్రం ఆయన కొలిచి పోసేవాడు కాదు. డ్రమ్ము లోపల సరుకు జారి పడే చప్పుడు విని చాలు అనేవాడు.

స్లాబు పోసే రోజు తెల్లవారకముందే పాలమూరు కూలీల గుంపు వచ్చి చేరేది. గుంపు మేస్త్రీ గోడ మీద నిలబడి కేక వేస్తే, మిల్లర్ దగ్గర నుంచి నిచ్చెన మీదుగా పైకప్పు దాకా మనుషులు వరుసగా నిలబడి తట్టలు అందించుకునేవారు. నిండు తట్ట పైకి పోతుంటే ఖాళీ తట్ట కిందికి ఎగిరి వచ్చేది. మొదలు పెట్టిన స్లాబు మధ్యలో ఆగితే అక్కడ అతుకు పడి రేపు నీరు కారుతుంది గనుక, చీకటి పడినా ఇంజన్ ఆపకూడదు. పెట్రోమాక్స్ లైటు వెలుగులో ఆ డుగుడుగు చప్పుడు వింటూ మనం ఇసుక కుప్ప మీదనే నిద్రపోయిన రాత్రి నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

ఇక హ్యాండిల్ కొట్టడం, అంటే చేత్తో తిప్పి ఇంజన్ లేపడం. పై లీవర్ ఎత్తితే వాల్వు తెరిచే ఉంటుంది, సిలిండరులో గాలి బిగుసుకోదు. అప్పుడు హ్యాండిల్ తగిలించి, ముందు మెల్లగా, తర్వాత బలం కొద్దీ తిప్పి, ఫ్లైవీల్ వేగం అందుకోగానే లీవర్ దించాలి. బొటనవేలును మిగిలిన వేళ్ల వైపే ఉంచాలని, హ్యాండిల్ చుట్టూ బిగించకూడదని మీ నాయన పదే పదే చెప్పేవాడు. ఇంజన్ ఎదురు తన్నితే మణికట్టు విరుగుతుందని ఆయన అంటే మనం వినలేదు. నా కుడిచేతి మణికట్టు చలికాలం వస్తే ఇప్పటికీ నొప్పి పెడుతుంది. ఆ రోజు నన్ను భుజాన వేసుకుని కట్టు కట్టేవారి దగ్గరికి పరుగెత్తింది నువ్వే.

మా నాయన లారీ సంగతి నీకు చెప్పనక్కరలేదు. 1954లో టెల్కో కంపెనీ (ఇప్పటి టాటా మోటార్స్) జర్మనీ వారి డైమ్లర్-బెంజ్‌తో కలిసి మన దేశంలో లారీలు తయారు చేయడం మొదలు పెట్టింది. 1969లో ఆ ఒప్పందం ముగిసింది. మాది అంతకు ముందుది గనుక దాని ముందు భాగాన బెంజ్ నక్షత్రం ఉండేది. కంపెనీ నుంచి ఛాసిస్ (కింది చట్రం), బానెట్ మాత్రమే వచ్చేవి. వెనుక బాడీ అంతా వడ్రంగులు చెక్కతో కట్టేవారు. ప్రతి గేరుకూ రెండుసార్లు క్లచ్ తొక్కాలి, నిండు లోడుతో మలుపు తిప్పితే భుజాలు దిగిపోయేవి. డీజిల్ పైపులో గాలి పట్టి దారిలో ఆగిపోతే, మా నాయన బోల్టు కొద్దిగా వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయి డీజిల్ ధార సాఫీగా వచ్చాక మళ్లీ బిగించేవాడు. ఆ పనికి ఆయనకు కావలసింది ఒక్క పానా మాత్రమే. నాగార్జునసాగర్ పనులకు రాయి తోలిన రోజుల గురించి చెప్పేటప్పుడు, లారీ బరువు మోసే కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) ఎన్నిసార్లు విరిగాయో లెక్కపెట్టి మరీ చెప్పేవాడు.

ఆ సాగర్ గురించి ఒక్క మాట చెప్పనీ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసినప్పటి నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలేదాకా అక్కడ పని సాగుతూనే ఉంది. 1,450 మీటర్ల పొడవు, సుమారు 124 మీటర్ల ఎత్తు ఉన్న ఆ రాతికట్టడంలో ఎక్కువ భాగం మనుషులు తలల మీద మోసి, చేతులతో పేర్చినదే. యంత్రాలూ ఉన్నాయి, కానీ అవి మనుషుల వెంట నడిచాయి. పాత యంత్రాలంటే నాకు ఇంత ప్రేమ ఎందుకని నువ్వు కిందటిసారి అడిగావు కదా. పని చేసే మనిషి పక్కన తామూ నిలబడి పని చేశాయి గనుకనే అని నా జవాబు.

రోడ్డు రోలర్ కూడా అంతే. మూడు ఇనుప చక్రాలతో, 8 నుంచి 10 టన్నుల బరువుతో, మనిషి నడిచే వేగంతో అది ఊళ్లోకి వస్తుంటే మనం బడి మానేసి వెంట నడిచాము. కంకర పరిచాక అంచుల నుంచి మధ్యకు, మలుపుల్లో లోపలి అంచు నుంచి బయటికి తొక్కించాలి. తర్వాత సన్న కంకర, నీళ్లు, మొరం. ఆ వరుస తప్పితే మొదటి వానకే రోడ్డు లేచిపోతుంది.

కొత్త యంత్రాలను నేను తప్పు పట్టడం లేదు. 1979లో మన దేశానికి వచ్చిన జేసీబీ పేరే ఇప్పుడు అలాంటి ప్రతి బండికీ పేరైంది. ఒక పూటలో అది తవ్వే కాలువను తవ్వడానికి ఒకప్పుడు గుంపంతా ఎండలో ఎన్ని రోజులు ఉండేదో, ఎందరు తల్లులు చంటిబిడ్డను గట్టు మీది చెట్టుకొమ్మకు ఉయ్యాల కట్టి తట్ట ఎత్తుకునేవారో మనం చూశాము. ఆ కష్టం తగ్గడం మంచిదే. నా బాధంతా ఒక్కటే: ఈ పాత ఇంజన్లను విప్పి బిగించడం తెలిసిన చేతులు మన తరంతో ఆగిపోతున్నాయి. మా మనుమడు పెరట్లో మిల్లర్ చుట్టూ తిరుగుతూ ప్రశ్నలు వేస్తున్నాడు. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ శుభ్రం చేయించాను, డీజిల్ ట్యాంకు కడిగించాను, డ్రమ్ముకు కొత్త రేకు అతికించాలి. వాడి చేతనే ఇంజన్ లేపించాలని నా కోరిక, అదీ నువ్వు పక్కన ఉండగా.

దీనికి హ్యాండిల్ లేదు. మీ నాయన వాడిన హ్యాండిల్ మీ అటక మీద ఉందని కిందటేడు నువ్వన్నావు. ఇంజన్ల కొలత ఒకటే గనుక సరిపోతుందని నా నమ్మకం. షాఫ్టుకు తగిలే చివర అరిగి ఉందేమో ఒకసారి చూడు. అరిగితే ఇక్కడ లేతు మిషన్ దగ్గర వెల్డింగ్ పోయించి సరిచేయిస్తాను. దసరాకు ముందు వస్తే ఆయుధపూజ నాటికి దానికి పసుపు కుంకుమ పెట్టవచ్చు. బస్సులో వచ్చేటట్లయితే గోనెసంచిలో చుట్టి తీసుకురా, గ్రీజు బట్టలకు అంటుకుంటుంది.

నీ రాక కోసం చూస్తూ,
నీ మిత్రుడు.