యూనియన్ అదే, మనుషులూ వాళ్లే

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇక్కడ అందరం కులాసా, చిన్నదాని పరీక్షలయ్యాయి, నా నడుం నొప్పి తగ్గింది. ఇక అసలు సంగతి.

యూనియన్ అడుగుపెడితే లాభాలకు నీళ్లొదులుకోవడమేనని నువ్వు, కాదని నేను, ఆ రాత్రి తెల్లారేదాకా వాదించుకున్నాం గదా. "మెంబర్‌గారూ" అని ఏడిపించావు కూడా. మెంబర్‌గారికి ఆధారం దొరికింది, విను.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ ఉండేది. ఐదుగురిలో ఒకరు డుమ్మా. గొడవలు, గుట్టలుగా ఫిర్యాదులు. 1982లో తాళం వేశారు. 1984లో టయోటాతో కలిసి నుమ్మీ పేరుతో మళ్లీ తెరిచారు. తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది పాత కార్మికులే, యూనియనూ పాతదే! డుమ్మాలు రెండు మూడు శాతానికి దిగిపోయాయి. నాణ్యతలో ఆ కార్లు జపాన్‌లో తయారైనవాటితో పోటీపడ్డాయి.

ఏం మారిందంటావా? ఒక తాడురా! పాత రోజుల్లో ఏం జరిగినా కార్లు బిగించే లైను ఆగకూడదు. బోల్టు సరిగా పడకపోయినా కారు ముందుకు పోవాల్సిందే, బాగుచేసుకోవడం చివర్లో. కొత్త పద్ధతిలో పక్కనే తాడు ఉంటుంది. తేడా కనిపిస్తే మామూలు కార్మికుడే లాగుతాడు, టీమ్ లీడర్ పరుగెత్తుకొస్తాడు, అప్పటికీ కుదరకపోతే లైను ఆగుతుంది. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నవాడు దాన్ని ముట్టుకుంటాడా చెప్పు? ఉద్యోగం పోదన్న ధీమాని యూనియన్ ఒప్పందంలో రాయించుకుంది. 1988లో అమ్మకాలు పడిపోయినా ఎవర్నీ ఇంటికి పంపలేదు, ట్రైనింగ్ ఇచ్చారు. బదులుగా "ఇది నా పని కాదు" అనే పాత విభజనలన్నీ కుదించుకోవడానికి యూనియన్ ఒప్పుకుంది.

నీ మాటలో బలం లేదనను. యూనియన్ ఉన్నచోట జీతాలెక్కువ, అమెరికాలో 10-15 శాతం దాకా. అది ఉత్పాదకత పెరిగి రావాలి, లేదంటే లాభంలోంచి పోవాలి. పోటీ కంపెనీలో యూనియన్ లేకపోతే ధర పెంచడానికీ వీలుండదు. నుమ్మీ కూడా 2010లో మూతపడింది, దివాలా తీసిన జనరల్ మోటార్స్ తప్పుకున్నాక. అయినా అమెరికా విమానాల కంపెనీ సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ చూడు. ఉద్యోగుల్లో అత్యధికులు యూనియన్లలోనే ఉన్నారు, 1973 నుంచి 2019 దాకా ఏటా లాభమే!

నాకు మండేది ఎక్కడంటే, లెక్కల్లో జీతాల ఖర్చు పెద్ద అంకెగా కనిపిస్తుంది. పని తెలిసినవాడు మానేయకుండా ఉండటం వల్ల మిగిలిన డబ్బు ఏ గడిలోనూ కనిపించదు. ఇక జర్మనీలో అయితే 2,000 మందికి పైబడిన కంపెనీల్లో యాజమాన్యం మీద కన్నేసి ఉంచే పర్యవేక్షక బోర్డుల్లో సగం సీట్లు ఉద్యోగులవే, 1976 నుంచి చట్టమే ఉంది, అక్కడ ఏమైందంటే... షిఫ్టు బస్సు వచ్చేసిందిరా, ఉంటాను.

నీ
మెంబర్