క్యారెట్ సరే, పరిగెత్తాల్సింది ఎప్పుడో రాయరా?

సంపాదకులు గారికి,

రెండు వారాల కిందటి ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో కళ్ల ముందు తేలే నల్లమచ్చల గురించి కంగారొద్దని వేశారు. ఆ వారమే రాద్దామనుకున్నాను, ఇంట్లో కుదరలేదు. కుదరకపోవడానికి కారణమూ ఆ మచ్చలే.

మీరు రాసిందాంట్లో అబద్ధం లేదు. కంట్లో ఉండే జెల్ వయసుతో పలచబడుతుంది, అందులోని పోగులు ముద్దకట్టి వాటి నీడ కంటి వెనక రెటీనా అనే పొర మీద పడుతుంది, అదే దోమల్లా, సాలెపోగుల్లా కనిపిస్తుంది, చాలామందికి ఏమీ కాదు. అంతా నిజం. ఆ తర్వాత రావాల్సిన నాలుగు వాక్యాలేవండీ? వాటి చోట్లో క్యారెట్, మునగాకు వచ్చి కూర్చున్నాయి!

మా ఆవిడ ఓ పొద్దున చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ, ‘పురుగుందండీ, పట్టుకోబోతే జారిపోతోంది’ అంది. సంచీ పట్టుకుని కొట్టుకెళ్లి గొడవపడ్డాను. అతను బియ్యం పళ్లెంలో పరిచి చూపించాడు, మల్లెపువ్వుల్లా ఉన్నాయి. పరువు పోగొట్టుకుని ఇంటికొచ్చాను. మర్నాటికి ఆ ఒక్క పురుగూ గుప్పెడు ఆవాలు చల్లినట్టయింది. రాత్రి లైటు తీశాక కంటి చివర మెరుపులు, పాత ట్యూబ్‌లైటు కొట్టుకున్నట్టు. కళ్లజోళ్ల షాపులో పవర్ మారిందని కొత్త అద్దాలు అంటగట్టారు. మీ పేజీ చూసి నేనూ ‘ఏం కాదులే’ అన్నాను.

అయిదో రోజు నర్సింగ్ చదివే మా తమ్ముడి కూతురు ఫోన్‌లో ఇదంతా విని, ‘పెదనాన్నా, ఇవాళే తీసుకెళ్లు’ అని కసిరింది. శంకర్‌విలాస్ వంతెన మీద అప్పుడు దారి లేదు, ఆటోలో ఊరంతా చుట్టి కొత్తపేటలో కంటాసుపత్రికి చేరాం. చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపల చూశారు. జెల్ విడిపోతూ రెటీనాను లాగి చింపేసిందట. ఊడలేదు కాబట్టి చిరుగు చుట్టూ లేజర్ పెట్టి అదే రోజు పంపేశారు. చిరుగులోంచి నీరు రెటీనా కిందికి చేరి అది ఊడి ఉంటే పెద్ద ఆపరేషన్, లోపల గ్యాస్ నింపితే రోజుల తరబడి బోర్లా పడుకోవడం. అయినా చూపు మునుపటిలా వస్తుందని ఎవరూ రాసివ్వరట. ఇంతకీ ఆ అయిదు రోజుల్లో ఆవిడకి నొప్పి లేదు, కన్ను ఎర్రబడనూ లేదు. అందుకే అంత నిర్లక్ష్యం చేశాం.

ఉన్నట్టుండి మచ్చలు గుంపుగా పెరిగినా, మెరుపులు కనిపించినా, ఓ పక్కనుంచి పరదా దిగినట్టు నీడ కమ్మినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లమని రాయడానికి ఎంత చోటు పడుతుంది? మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లు, శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు, కంటికి దెబ్బ తగిలినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలని మరో లైను. షుగరు ఉన్నవాళ్లకు కంట్లో రక్తం చిమ్మినా ఇలాంటి మచ్చలే వస్తాయట, అదీ మాకు డాక్టరు చెబితేనే తెలిసింది.

మిమ్మల్నొక్కరినే అనడం దేనికి? బ్రాడీపేట నుంచి బెజవాడ బెంజి సర్కిల్ దాకా ఏ ఫ్లెక్సీ చూసినా కళ్లజోడు తీసిపారేస్తామనే. నాయకుల పుట్టినరోజులకు పెట్టే కంటి శిబిరాల్లో గోడమీద అక్షరాలు చదివించి, అద్దాలిచ్చి, ఫొటో దిగుతారు. పాప పెద్దది చేసి లోపల చూడాలంటే అరగంటైనా కూర్చోబెట్టాలి, అంతసేపు ఫొటోగ్రాఫరు ఆగడు కదా. అధికారులు ఒక్క బస్‌షెల్టర్ మీదైనా ఈ మెరుపుల సంగతి రాయించలేరా? అక్కడ రాయడానికి ఖాళీ మాత్రం ఎక్కడుంది లెండి, అన్నీ కోచింగ్ సెంటర్ల ర్యాంకులే.

ఆవిడకిప్పుడు పర్వాలేదు. మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి, లేజర్ వాటిని తీసేయదట. బియ్యం నేనే ఏరుతున్నాను.

ఈ లేఖ వేస్తే రాశిఫలాల పక్కన వేయండి. మీ పత్రికలో అందరూ చదివేది అదొక్కటే.

– ఒక విశ్రాంత ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు