ఆస్పత్రి గోడ మీద ఒక్క బోర్డు పెట్టించండి: ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

నేను ఆటోనగర్‌లో లారీల మీద అక్షరాలు రాసే పెయింటర్‌ని. పద్నాలుగేళ్లు తాగాను. మానేసి ఆరేళ్లయింది. ఆ చివరి రోజుల్లో పొద్దున్నే ఒక క్వార్టర్ పడితే గానీ కుంచె పట్టిన చెయ్యి నిలిచేది కాదు. సున్నా రాస్తే గుండ్రంగా వచ్చేది కాదు.

షాపులు ఎన్ని ఉండాలి, ఎప్పుడు మూయాలి అన్న చర్చలోకి నేను వెళ్లను. మానాలనుకున్న మనిషికి ఈ ఊళ్లో ఎటు వెళ్లాలో తెలియడం లేదు. దాని గురించే ఈ లేఖ.

నా సంగతే చెబుతాను. ఒకసారి పంతం పట్టి ఇంట్లోనే ఉన్నట్టుండి ఆపేశాను. రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చని, మొదటి నాలుగైదు రోజులు డాక్టర్ కనుసన్నల్లో ఉండాలని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆవిడ ఆటోలో వేసుకుని ఒక ఆస్పత్రికి తీసుకెళ్లింది. పది రోజులు బాగానే చూశారు. పంపించేటప్పుడు చీటీ మీద విటమిన్ మాత్రలు రాసి, "ఇక తాగకు" అన్నారు. పదకొండో రోజు సాయంత్రం ఆరింటికి, కాళ్లు వాటంతటవే షాపు వైపు లాగేటప్పుడు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. నెల తిరక్కుండా మళ్లీ మొదలుపెట్టాను.

తాగుడు మానినవాళ్ల మీటింగులు ఉంటాయని మాకు తెలియడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. అది కూడా కాళేశ్వరరావు మార్కెట్లో కూరలు కొంటుంటే మా ఆవిడకి ఒకామె చెప్పింది, వాళ్ల అన్నయ్య వెళ్తున్నాడని. తెలిసినవాళ్లు చూస్తారేమోనని మెట్ల దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చేశాను. మూడోసారి లోపలికి వెళ్తే తొమ్మిది మంది ఉన్నారు. టీ ఇచ్చారు. ఇంటిపేరు, కులం, జీతం ఎవరూ అడగలేదు. రిటైరైన ఒక మాస్టారు, షాపు తెరవకముందే షట్టర్ దగ్గర నిలబడిన రోజుల గురించి చెబుతున్నారు. నా కథే ఆయన చెబుతున్నట్టు అనిపించింది. "జీవితాంతం తాగనని ఒట్టు పెట్టకు బాబూ. ఈ ఒక్క రోజు తాగకు. రేపు మళ్లీ మాట్లాడుకుందాం" అన్నారు. దుర్గమ్మ మీద, పిల్లల మీద పెట్టిన ఒట్లన్నీ తప్పినవాణ్ణి నేను. ఒక్క రోజు లెక్కయితే నాకు అందింది.

దీని పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్, ఇద్దరూ తాగుడుతో ఓడిపోయినవాళ్లు, తమ బాధ చెప్పుకోవడంతో మొదలైంది. ఇప్పటికీ చేసేది అదే. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. గది అద్దె, టీ ఖర్చు మేమే వేసుకుంటాం. బయటివాళ్ల డబ్బు, ప్రభుత్వానిదైనా సరే, తీసుకోకూడదని నియమం. కాబట్టి నేను మిమ్మల్ని గ్రాంటు అడగడం లేదండీ.

మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో కేంద్రం బయటపెట్టిన ఎయిమ్స్ సర్వే చెప్పింది. మిగతా 37 మంది మనసు లేకే రావడం లేదంటే నేను ఒప్పుకోను. వాళ్లకి దారి కనబడాలి. ప్రభుత్వ ఆస్పత్రి ఓపీ దగ్గర, అర్బన్ హెల్త్ సెంటర్లలో, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో, వీలైతే వైన్ షాపు కౌంటర్ పక్కన తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. దాని మీద వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే టెలీ మానస్ 14416, దగ్గర్లో మీటింగ్ ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ అన్నది ఉండాలి. మూడు నెలలకోసారి ఎవరో ఒకరు ఫోన్ చేసి ఆ వివరాలు సరిచూడాలి. ఇది చిన్న విషయం అనుకోకండి. ఒకసారి పాత కాగితం పట్టుకుని గుణదల వెళ్తే గదికి తాళం వేసి ఉంది. నేను పాతవాణ్ణి కాబట్టి ఇంకో సభ్యుడికి ఫోన్ చేసుకున్నాను. కొత్తవాడైతే ఆ తాళం చూసి నేరుగా షాపుకే వెళ్తాడు.

సింగ్ నగర్, భవానీపురం నుంచి కూలి పనికి వెళ్లేవాళ్లు పని దిగాక రెండు ఆటోలు మారి రాలేరు. మున్సిపల్ స్కూళ్లలో సాయంత్రం ఖాళీగా ఉండే ఒక గదిని మామూలు అద్దెకి ఇప్పించండి. వచ్చినవాళ్ల ఆధార్, సంతకాలు మాత్రం అడగొద్దు. రిజిస్టర్ పెట్టిన రోజు నుంచి ఎవరూ రారు.

ఆడవాళ్ల గురించి కూడా చెప్పాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాను తరిమికొట్టిన రాష్ట్రం మనది. అదే రాష్ట్రంలో మా ఆవిడ ఏడాదిన్నర పాటు ఎవరిని అడగాలో తెలియక తిరిగింది. తాగేవాళ్ల కుటుంబాలకి అల్-అనాన్ అని విడిగా మీటింగులు ఉంటాయి. బోర్డు మీద ఆ పేరు కూడా రాయించండి. తాగుడుకి అలవాటుపడిన ఆడవాళ్లూ ఉన్నారు. మగవాళ్ల మధ్య వాళ్లు నోరు విప్పలేరు. వాళ్లకి పగటిపూట, వేరే గది కావాలి.

కింద నా పేరు రాయడం లేదు. పత్రికల్లో పేరు బయటపెట్టకపోవడం మా పద్ధతి. ఈ మాటలు కూడా నా సొంతవే, అందరి తరఫున రాసినవి కావు.

బోర్డులకి రేకు మీరు ఇప్పిస్తే చాలు. అక్షరాలు నేను రాస్తాను, కూలి వద్దు. ఇప్పుడు సున్నా గుండ్రంగానే వస్తోంది.

ఇట్లు,
ఆటోనగర్ పెయింటర్, విజయవాడ