సుగ్గికి బండ్లు కదలకముందే హాస్టళ్లు తెరవాలి

సంపాదకుల వారికి నమస్కారం.

దీపావళి దాటిందంటే కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఊళ్లు ఖాళీ అవుతాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే పత్తి తీతకు, మిరప కోతలకు గుంటూరు, పల్నాడు జిల్లాలకు, తెలంగాణకు తరలిపోతాయి. మా దగ్గర దీన్ని సుగ్గికి పోవడం అంటారు. బియ్యం మూటలు, వంట సామానుతో పాటు పిల్లలూ బొలెరో ఎక్కుతారు. చాలామంది తిరిగొచ్చేది ఉగాదికి. ఆ వెంటనే ఏప్రిల్ 24 నుంచి వేసవి సెలవులు, బడి మళ్లీ తెరిచేది జూన్ 12న. నవంబర్లో పోయిన పిల్ల మళ్లీ బడిలో కుదురుగా కూర్చునేసరికి ఏడు నెలలు గడిచిపోతాయి.

ఈ తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని తేలిగ్గా అనేస్తుంటారు. నేను ఒప్పుకోను. వానాధారపు చేలో ఒక పంట తీశాక ఇక్కడ పని దొరకదు. ఇంట్లో వండిపెట్టే అవ్వ ఉంటే పిల్లల్ని వదిలే పోతారు. లేకపోతే పదేళ్ల పిల్లను ఎవరికి అప్పగించాలి? పోయినచోట చేను పక్కనే పట్టాల గుడారం. పెద్దపిల్ల చంటివాణ్ణి చంకనేసుకుంటుంది, చెయ్యి కాస్త తిరిగిన పిల్లాడు కాయలు కోస్తాడు.

మా ఏడో తరగతిలో ఒక అమ్మాయి దసరాకి ముందు భిన్నాల కూడికలు అందరికంటే ముందు చేసి చూపించేది. సుగ్గి నుంచి వచ్చాక, హారాలు వేరుగా ఉన్న లెక్క ఇస్తే చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు అలాగే నిలబడిపోయింది. మర్నాటి నుంచి చివరి బెంచీ. పేరు పెట్టి పిలిచినా తలెత్తదు. ఇలాంటి పిల్లలు మరుసటేడు అమ్మానాన్నలు అడగకముందే సుగ్గికి సిద్ధమవుతారు. వాళ్లకు బద్ధకం అనడం అన్యాయం, క్లాసులో ఏమీ అర్థంకాకుండా కూర్చోవడం కంటే మిరప చేనే నయమనిపిస్తుంది వాళ్లకి.

వలస పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద, వలస పోయే నెలల్లో సీజనల్ హాస్టళ్లు నడిపే ఏర్పాటు ఉంది. చాలా మంచి ఏర్పాటు. కానీ బండ్లు వెళ్లిపోయాక తాళం తీస్తే లాభమేమిటి? దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజే హాస్టలూ తెరవాలి. ఏ ఇంటివాళ్లు పోతారో ఊళ్లో టీచర్లకు, అంగన్‌వాడీ వాళ్లకు జూన్‌లోనే తెలుసు, అప్పుడే పేర్లు రాసుకోవచ్చు. ఆడపిల్లల దగ్గర రాత్రిపూట నమ్మకమైన మహిళ ఉండాలి. అది లేకుండా ఏ తల్లీ పిల్లను వదలదు, వదలమని మేం అడగనూ లేం.

ఎంత చేసినా కొందరు పిల్లల్ని వెంట తీసుకుపోక తప్పదు. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యతను 2009 విద్యాహక్కు చట్టం స్థానిక సంస్థలపై పెట్టింది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదనీ చెప్పింది. రేషన్ బియ్యం ఎక్కడికి పోతే అక్కడ తీసుకోవచ్చు. మరి ఆ బియ్యం తినే పిల్లాడు పోయిన ఊరి బడిలో మూడు నెలలు కూర్చుని, మధ్యాహ్న భోజనం తిని, ఆ హాజరు సొంత బడిలో లెక్కకు వచ్చేలా చెయ్యలేమా? తిరిగొచ్చిన వాళ్లకు జూన్, జూలైల్లో రోజూ ఒక గంట వెనకబడిన పాఠాలు విడిగా చెప్పే వీలు కల్పించాలి.

విద్యాశాఖ అధికారులతో పాటు గుంటూరు, పల్నాడు మిరప రైతులకు కూడా నా విన్నపం: మీ చేలో దిగిన కుటుంబాల్లో బడి ఈడు పిల్లలు కనిపిస్తే, ఊరి హెడ్మాస్టరుకు ఆ రోజే ఒక మాట చెప్పండి.

– ఒక హైస్కూలు ఉపాధ్యాయురాలు,
ఆదోని డివిజన్, కర్నూలు జిల్లా